రాజుగారి వానాకాలం చదువు

ఒకానొక రాజ్యంలో చదువుకి లోటు లేదు, చదివినవాళ్ళ దర్జాకీ లోటు లేదు. దాని పేరు మందారగిరి. అక్కడి విద్యాపీఠంలో పన్నెండేళ్ళు శాస్త్రం చదివితే పట్టా ఇచ్చేవారు. అది కాక, వానలు పడే రోజుల్లో పడవ నడపడం, విరిగిన ఎముకలకు కట్టు కట్టడం, పురుడు పొయ్యడం లాంటి చిన్న చదువులు కూడా చెప్పేవారు. జనం ఒక్క వానాకాలంలో పని నేర్చుకుని, పీఠం ముద్ర ఉన్న తాటాకు పట్టుకుని తమ ఊళ్ళకు వెళ్ళేవారు.

పీఠాధిపతి నరహరి సోమయాజికి ఆ తాటాకులంటే ఒళ్ళుమంట. వట్టి వానాకాలం చదువులని వెక్కిరించేవాడు. ఇంతలో ఎవడో మాయగాడు నాలుగు రోజులు పాఠం చెప్పి, దొంగముద్ర వేసి తాటాకులు అమ్ముకున్నాడు. సోమయాజికి ఆ వంక చాలదూ? తిన్నగా రాజు అనంగదేవుడి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాడు.

రాజుకి శాసనాలు చెయ్యడమంటే మహా సరదా. పన్నెండేళ్ళకు తక్కువ చదివినవారెవరైనా సరే, పాతవారైనా కొత్తవారైనా, పండిత పరిషత్తు ఒప్పుకునేదాకా తాము నేర్చిన పని ముట్టరాదని చాటింపు వేయించాడు. ఆ శాసనాన్ని మళ్ళీ మళ్ళీ చదివించుకుని మురిసిపోయాడు కూడా.

ఇక పరిషత్తు సంగతి చెప్పాలా? వచ్చిన తాటాకులను వ్యాకరణం వారు చూసి తర్కం వారికి పంపారు. తర్కం వారు జ్యోతిషం వారికి పంపారు. వారు మంచిరోజు లేదని అట్టేపెట్టుకున్నారు. ఈలోగా వానలు వెళ్ళిపోయాయి.

మంత్రసానులకు పని నేర్పే గవరమ్మ శిష్యురాళ్ళు కొండపల్లెల్లో చేతులు ముడుచుకు కూర్చున్నారు. నెలలు నిండిన ఆడవాళ్ళు బెంగతో దిక్కులు చూస్తున్నారు. గవరమ్మ, రాజు కొలువులో చతురుడని పేరున్న కొమ్మన ఇంటికి వచ్చి కన్నీళ్ళు పెట్టుకుంది.

"నా పిల్లలు చెయ్యి వేస్తే శిక్ష, వెయ్యకపోతే తల్లీబిడ్డల ప్రాణం. ఏం చెయ్యమంటారు బాబూ?"

కొమ్మన మర్నాడు కొలువుకి రమ్మని చెప్పి ఆమెను పంపాడు.

మర్నాడు రాజు కొలువులోకి వస్తుంటే అందరూ లేచి నిలబడ్డారు. కొమ్మన మాత్రం వెళ్ళి సింహాసనానికి అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకో కొమ్మనా" అన్నాడు రాజు.

"తప్పుకుంటాను మహాప్రభూ. పరిషత్తు ఒప్పుకుందా?"

"దేనికి?"

"తమ రాజరికానికి."

కొమ్మన వినయంగానే విన్నవించుకున్నాడు. ప్రభువుల అన్నగారు సన్యాసం పుచ్చుకుంటే, అంతవరకు పావురాలు ఎగరేసుకుంటూ తిరిగిన చిన్నబాబుని కూర్చోబెట్టి, కీర్తిశేషులైన తల్లిగారు ఒక్క వానాకాలంలో రాజ్యం చెయ్యడం నేర్పారు. ఊరందరికీ తెలిసిన సంగతే. మరి పన్నెండేళ్ళు కాలేదు, పరిషత్తు చూడనూ లేదు. శాసనం పాతవారికీ వర్తిస్తుందని ప్రభువులే చాటించారు. అందుకని, మంచిరోజు కుదిరేదాకా ప్రభువులు కూర్చోవడానికి కింద చాప వేయించానన్నాడు.

రాజు ముఖం జేవురించింది. "మా అమ్మ చెప్పిన చదువుకి వీళ్ళ ఒప్పుదలా?"

"అక్కర్లేదు ప్రభూ. ఆ చదువు ఎలాంటిదో తమ నీడన బతికేవాళ్ళని అడిగితే చాలు. గవరమ్మ కోరేదీ అంతే."

తల్లి గుర్తొచ్చి రాజు కళ్ళు చెమ్మగిల్లాయి. కాసేపటికి ఆ చాప వంక చూసి పకపకా నవ్వి, నిజంగానే దాని మీద చతికిలబడ్డాడు. అక్కడే కూర్చుని శాసనం రద్దు చేసి, మెడలో ముత్యాలహారం తీసి కొమ్మనకు వేశాడు.

సోమయాజి ఊరుకోలేదు. ముద్ర ఊరికే వేస్తే మళ్ళీ దొంగలు పుట్టుకొస్తారు, పరీక్ష చేసేవాళ్ళు ఉండొద్దా అన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

"ఉండాలి స్వామీ" అన్నాడు కొమ్మన. "పడవ చదువుని రోజూ ఏరు దాటేవాళ్ళు పరీక్షించాలి. పురుడు పోసే చదువుని, నెలలు నిండిన ఆడపిల్ల ఇంట్లో ఉన్నవాళ్ళు పరీక్షించాలి."

అలాంటివారు సభలో ఎవరున్నారని రాజు అడిగాడు. చివరికి సోమయాజే చెయ్యెత్తాడు. ఆయన పెద్దకూతురు పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది.

"ఇంకేం, మీరే పరీక్షాధికారి. ఎన్నాళ్ళు పడుతుంది?" అని రాజు నవ్వాడు.

ముసలాయన స్తంభం పక్కన నిలబడ్డ గవరమ్మ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి, "తెల్లవారినప్పటినుంచీ పిల్ల నడుం నొప్పంటోందమ్మా. ఒక్కసారి వస్తావా?" అన్నాడు.