అమావాస్య నాటి పట్టా

రాజ్యమన్నాక ఎక్కడో ఒకచోట దానికి ఎల్ల ఉండాలి కదా. గిరిదుర్గ రాజ్యానికి ఆ ఎల్ల ముళ్ళకనుమ. కనుమకు అవతల శత్రువులు, ఇవతల చిట్టడవి. మనుషులు కాపురముంటే తప్ప హద్దు నిలవదని తెలిసి, రణభైరవ మహారాజు అక్కడి నేలను చవకగా అమ్మకానికి పెట్టాడు.

పట్టాలు రాసే పని కరణం దోనయ్య నెత్తిన పడింది. ఒకప్పుడు ఆస్థానంలో చమత్కారిగా పేరున్నవాడే. కానీ ఆరేళ్ళుగా హద్దురాళ్ళ వెంట తిరిగి తిరిగి, గెట్టు తగాదాలు తీర్చి తీర్చి, ఇప్పుడు నవ్వడం కూడా ఆయనకు శ్రమగానే తోచేది.

అలా ఉండగా రాజుగారు వేటకని అటు వచ్చారు. హద్దులు చూపడానికి దోనయ్య వెంట నడిచాడు. ముళ్ళపొదలుండే చోట ఏపుగా జొన్నచేలు! వాగు ఒడ్డున ఒక చేను ఆయనకు మరీ నచ్చింది.

"ఇక్కడ మాకు విహారభవనం కట్టాలి. ఒడ్డంతా ఖాళీ చేయించండి."

ఆ చేను పోలమ్మది. తాటాకు పట్టా పట్టుకుని పరుగున వచ్చింది.

"మహాప్రభూ, ఈ పొదలు కొడుతూనే మా ఆయన పాము కరిచి పోయాడు. కంకి ఇప్పుడే పాలు పోసుకుంటోంది. పొమ్మంటే ఎక్కడికి పోను?"

తన అంత పండితుడు లేడని రాజుగారి నమ్మకం. తాటాకు అందుకుని చదివాడు.

"'ఆచంద్రార్కం అనుభవించవలెను.' అంటే సూర్యచంద్రులున్నంత కాలం. అంతేనా కరణం? ఈరోజు తిథి ఏమిటి?"

"అమావాస్య, ప్రభూ."

"మరి చంద్రుడేడీ? లేడుగా! పట్టాకు కాలం చెల్లింది."

రాజు మీసం దువ్వాడు. పరివారమంతా భళీ అంది.

దోనయ్య నిట్టూర్చి, పక్కనున్న హద్దురాయి మీద చతికిలబడ్డాడు.

"రాజు ఎదుట కూర్చుంటావా!" సేనాపతి కత్తి మీద చెయ్యి వేశాడు.

"రాజెక్కడున్నాడు బాబూ? ఆ ఆకులో మొదటి వరుస చదవండి. 'ఆచంద్రార్కం రాజ్యమేలు శ్రీ రణభైరవ మహారాజులుంగారు' అని నేనే రాశాను. చంద్రుడు లేక పోలమ్మ చేను పోతే, సింహాసనమూ పోయినట్టే. మోకాళ్ళ నొప్పులవాణ్ణి, రాజు లేని పూట కాస్త కూలబడ్డాను. నెలవంక కనబడగానే లేచి దండం పెడతాను. అందాకా ఈ సంగతి కనుమ అవతలివాళ్ళ చెవిన పడకుండా చూసుకోండి."

రాజు తాటాకు వంక చూశాడు, కనుమ వంక చూశాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"లేవకు, లేవకు! రాజుగానే సెలవిస్తున్నాను, కూర్చో!"

పట్టాను తన చేత్తోనే పోలమ్మకు తిరిగిచ్చాడు. తన బంగారు కడియం తీసి కరణానికి తొడిగాడు.

"ఇంకేం కావాలయ్యా?"

"ప్రతి పట్టాలోనూ 'అమావాస్యలతో సహా' అన్న మాట చేర్చడానికి అనుమతి."

"ఇచ్చాం!"

మర్నాడు పొద్దు పొడిచేసరికి దోనయ్య వాకిట మూడువందల పన్నెండు మంది పట్టాలతో బారులు తీరారు.

"ఎవరడగమన్నారురా నిన్ను?" అని తనను తానే తిట్టుకుంటూ, దోనయ్య గంటం అందుకున్నాడు.