బతికున్నవాడి పేర విస్తరాకు

మా గురువు ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి కాడు. చిలువేరు వీరేశం ఆయన పేరు, మేమంతా అయ్య అనేవాళ్ళం. మూసీ ఒడ్డున ఒక ఊళ్ళో గుంటమగ్గం మీద చీరలు నేసుకుంటూ, వచ్చినవాళ్ళకు తత్వం చెప్పేవాడు. ఎవరైనా పెద్ద ప్రశ్న వేస్తే చేతిలో పోగు విసిరే నాడె ఆపకుండా "చూద్దాం" అనేవాడు. ఆ చూద్దాం ఒక్కోసారి ఆ పూటకే తేలేది, ఒక్కోసారి ఏడాది పట్టేది. ఆయన చుట్టూ చేరిన పదిపన్నెండు మందిలో వాదమంటే చెవి కోసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. ముప్ఫయ్యేళ్ళు బడిపంతులుగా పనిచేసిన నోరు కదా, అడిగినా అడగకపోయినా పాఠం చెబుతుంది. ఈ సంగతిలో నా తప్పు కూడా కొంత ఉంది కాబట్టి దీన్ని నేనే చెప్పడం న్యాయం.

అండాలు మాతోపాటు అయ్య దగ్గరికి వచ్చే శిష్యురాలు. ఎనిమిదేళ్ళుగా ప్రతి సోమవారం వచ్చి వెనక వరుసలో కూర్చునేది. ఆమె మొగుడు బాలనర్సు తాటిచెట్లు గీసేవాడు. ఆమెను దింపడానికి వచ్చి గడప అవతలే నిలబడి, "మీ తత్వం ఎంత తాగినా ఎక్కదయ్యా, నా కల్లు ఒక్క ముంత చాలు" అని మమ్మల్ని ఆటపట్టించి పోయేవాడు. అయ్య కూడా నవ్వేవాడు. ఊళ్ళో అంత నెమ్మదైన మనిషి, అంత నవ్వుమొగం ఇంకొకటి ఉండేది కాదు. చెట్టు మీద పాడుకుంటూ గీసేవాడు. పాట వినిపించే దిక్కును బట్టి, ఇవాళ ఏ చెట్టెక్కాడో పొలాల్లో ఆడవాళ్ళు చెప్పుకునేవారు.

ఆ ఏడు మాఘమాసంలో, నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే మోకు తెగి, బాలనర్సు కింద పడ్డాడు. తల ముందు నేలకు తగిలింది. పట్నం ఆసుపత్రిలో నలభై రోజులున్నాడు. తల కోసి కుట్టారు. "ప్రాణానికి భయం లేదు. మెదడు ముందు భాగం బాగా నలిగింది, స్వభావం మారొచ్చు, మీరే ఓపిక పట్టాలి" అని డాక్టరు చెప్పి పంపాడట. స్వభావం మారడమంటే ఏమిటో ఎవరికి తెలుసు? మనిషి బతికాడు, అదే పదివేలనుకున్నారు.

తిరిగొచ్చిన మనిషికి అన్నీ గుర్తున్నాయి. అందరి పేర్లూ తెలుసు, ఏ చెట్టు ఏ ఏడు ఎండిపోయిందో కూడా తెలుసు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. నవ్వు మాత్రం రాలేదు, పాట రాలేదు. చెంబు కిందపడి చప్పుడైతే ఉలిక్కిపడి నోటికొచ్చిన బూతు తిట్టేవాడు. కూతురు ఏడుస్తూ ఎదురొస్తే, గోడను చూసినట్టు చూసి పక్కకు తప్పుకునేవాడు. అండాలు ఏం వండి పెట్టినా కారంపొడి సీసా తెచ్చి అన్నం ఎర్రబడేదాకా గుమ్మరించుకునేవాడు. రెండుసార్లు కంచం గోడకేసి కొట్టాడు. గాలి సోకిందన్నారు కొందరు, పొగరన్నారు కొందరు. కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి లేదు.

అన్నిటికన్నా పెద్ద కష్టం ఏమిటంటే, అండాలుకు ఏడ్చే వీలు లేకపోయింది. చావుదాకా పోయిన మొగుణ్ణి వెనక్కి తెచ్చుకున్న గట్టి పుస్తె అని ఊరంతా ఆమెను మెచ్చుకుంది. పెళ్ళిళ్ళలో పసుపు దంచడానికి ముందు ఆమెనే పిలిచేవారు. ఆమె రోకలి పట్టుకుని నవ్వాలి. బజారులో కనిపిస్తే నేనూ అన్నాను, "అదృష్టవంతురాలివమ్మా" అని. ఆమె కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

పోయినవాళ్ళకు విస్తళ్ళు పెట్టే భాద్రపద అమావాస్యను మావైపు పెత్రమాస అంటారు. దానికి మూడు రోజుల ముందు ఆమె అయ్య దగ్గరికి వచ్చి, ఈసారి ముందు వరుసలో కూర్చుంది.

"అయ్యా, ఒక్కటడుగుత. పెత్రమాస నాడు మా అన్న అయిలయ్య బతుకమ్మకు తోల్కపోను వస్తుండు. ఈసారి పిల్లను తీస్కొని వచ్చెయ్యి, మళ్ళ రాకు అంటుండు. ఇంట్ల ఉన్నాయన నా పెనిమిటే అయితె నేను పోను, సచ్చేదాంక చేస్త. కాకపోతె, ఎవరో పరాయాయనతోని తిట్లు పడుకుంట నేనెందుకుండాలె? ఈయన ఆయనేనా, కాదా? మీరేదంటె అది చేస్త" అంది.

మేమందరం తలలు వంచుకున్నాం. ఆమె వెళ్ళిపోతే బాలనర్సుకు ఇంకెవరూ లేరు. తల్లీ తండ్రీ ఎప్పుడో పోయారు. అయ్య "చూద్దాం" అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఆ ఖాళీ చూసి నా నోరు ఊరుకోలేదు. ఆత్మకు దెబ్బ తగలదని, మారేది శరీరం, మెదడు, గుణమే గాని లోపలివాడు కాడని, కుండ పగిలినంత మాత్రాన అందులోని ఆకాశం పగలదని, ఒక పావుగంట చెప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అండాలు చివరిదాకా విని నా వైపు తిరిగింది.

"సారూ, ఆ మారనిదాంతోని నేను ఎన్నడు కాపురం చేయలే. నేను చేసిందంత ఆయన నవ్వుతోని, ఆయన పాటతోని."

 

అయ్య చేతిలో నాడె ఆగింది. "ఏడ్చినవా బిడ్డా?" అని అడిగాడు.

"ఎట్లేడుస్తనయ్యా? ఏడిస్తె, బతికున్నోన్ని సంపుతున్నవా అంటరు."

అయ్య పడుగు పోగుల మీద అరచెయ్యి ఆనించి ఇలా అన్నాడు: "పెత్రమాస నాడు మీ అత్తమామలకు పెడతవు గద. పక్కన ఆయన పేర గూడ ఒక ఇస్తరి పెట్టు. నేనొస్త."

మాలో ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. అయ్య జన్మంతా తద్దినాలను ఎగతాళి చేసిన మనిషి. బతికుండగా గంజి పొయ్యనోడు సచ్చినంక పాయసం పోస్తడని నవ్వేవాడు. అలాంటివాడు పెద్దలకు పెట్టమనడమే వింత, అందులో బతికున్నవాడి పేర పెట్టమనడం! "అయ్యా, ఇది అపచారం కాదా?" అన్నాను. "చూద్దాం" అన్నాడు, నాడె మళ్ళీ కదిలింది.

పెత్రమాస నాడు పొద్దెక్కాక అయ్య, ఆయన వెనక నేను, అండాలు ఇంటికి వెళ్ళాం. అయిలయ్య అప్పటికే జీపు తెచ్చి వాకిట్లో పెట్టాడు. పిల్ల మూట కట్టుకుని జీపులో కూర్చుంది. బాలనర్సును చేనికి పంపించామని చెప్పారు. ఆ ఇళ్ళల్లో ఒక వాడుక ఉంది. పోయినవాళ్ళకు ఏవేవి ఇష్టమో అవన్నీ వండి, విస్తళ్ళలో పెట్టి, పేరుపేరునా పిలిచి, తలుపు దగ్గరగా వేసి బయట కూర్చుంటారు. లోపల పెద్దలు వచ్చి తింటారని నమ్మకం. తలుపు తీసేదాకా బయట ఎవరూ మాట్లాడరు.

అండాలు గోడవారగా దీపం ముట్టించి మూడు విస్తళ్ళు వేసింది. అత్త విస్తట్లో జొన్నరొట్టె, మామ విస్తట్లో మాంసం కూర. మూడో విస్తట్లో చింతకాయ వేసిన ఎండుచేపల పులుసు, సర్వపిండి, పక్కన ముంతెడు కల్లు, ఒక బీడీ కట్ట. "అత్తా రా, మామా రా" అని పైకే పిలిచింది. మూడో విస్తరి దగ్గర పెదాలు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. తలుపు వేసి వచ్చి మా పక్కన అరుగు మీద కూర్చుంది. 

కాసేపటికి లోపల సీసా మూత తీసిన చప్పుడు వినిపించింది. ఎవరో తింటున్నారు. అయిలయ్య ముఖం తెల్లబోయింది.  అండాలు ఒక్క ఉదుటున లేచి తలుపు తోసింది. దొడ్డి వాకిలి గుండా వచ్చిన బాలనర్సు మూడో విస్తరి ముందు కూర్చుని తింటున్నాడు. పక్కన కారంపొడి సీసా ఉంది.

"ఓరి దేవుడా, సచ్చినోళ్ళ ఇస్తరి ముట్టిండు!" అని అయిలయ్య అతని చెయ్యి గుంజబోయాడు. అయ్య తన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

బాలనర్సు తల ఎత్తి పెళ్ళాన్ని అడిగాడు. "అవ్వకొకటి, నాయినకొకటి. ఇదెవరికే?"

ఆమె అబద్ధం చెప్పొచ్చు. ఏ మేనమామ పేరో చెప్పొచ్చు. "నీకే" అంది.

ఇక విస్తరి ఎగురుతుందని నేను రెండడుగులు వెనక్కి వేశాను. విస్తరి ఎగరలేదు. అతను దాన్ని చాలాసేపు చూశాడు.

"ముందటాయనకా?"

ఆమె తల ఊపింది.

"పెట్టాల్సిందే. మంచోడు గద" అన్నాడు బాలనర్సు. గొంతులో కోపం లేదు, బాధ కూడా లేదు, ఏదో లెక్క అప్పజెబుతున్నట్టు ఉంది. "ఇంటికొచ్చినోళ్ళంత నన్ను జూసి ఆయన్నే అడుగుతరు. నేను గూడ దేవులాడిన. దొరకలే. నేనొచ్చి ఆర్నెల్లాయె. నువ్వేం తింటవని నన్నొక్కలు అడగలే. ఆయన తినేటివే వండుతరు. నాకు వాసనలు తెల్వయి. ఈ పులుసు మట్టి లెక్కుంటది. కారమొక్కటే నాలికకు అందుతది."

"చెప్పకపోతివి?" అంది అండాలు.

"అడగకపోతివి."

అప్పుడు ఏడ్చింది ఆమె. మాఘమాసం నుంచి దాచిపెట్టిన ఏడుపంతా ఒక్కసారి వచ్చింది. చావింట్లో ఆడవాళ్ళు ఎట్లా ఏడుస్తారో అట్లాగే, నేల మీద కూలబడి, పోయినవాడి గుణాలు ఒక్కొక్కటే ఎత్తి ఏడ్చింది. "నా బాలనర్సా, చెట్టు మీద నీ పాట ఎవరు పాడుతరు రా, పిల్లకు ముంజలెవరు తెస్తరు రా, అలిగితె నన్నెవరు నవ్విస్తరు రా" అని నేల చరిచింది. వాడకట్టు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి, బతికున్న మొగుడి ఎదుటే, మెడలో పుస్తెలతో ఆమె చేస్తున్న శోకం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయారు. ఆమెను అదృష్టవంతురాలని మెచ్చుకున్న నాకు ఆ నిమిషాన సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా కళ్ళ వెంట కూడా నీళ్ళు కారాయి.

బాలనర్సు ఆమెను చూశాడు, మమ్మల్ని చూశాడు. చివరికి అయ్య వైపు తిరిగాడు.

"ఆమె ఏడుస్తుంది. ఇప్పుడు నేనేం జెయ్యాలె? ఇంతకముందు తెలుస్తుండె. ఇప్పుడు తెలుస్తలేదు."

అరవై దాటిన నా బతుకులో అంత నిజమైన ప్రశ్న నేను ఏ సభలోనూ వినలేదు. అయ్య అతని పక్కన చతికిలబడ్డాడు.

"ఏం జెయ్యకు. లేచి మాత్రం పోకు."

అతను లేవలేదు. ఎంగిలి చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, అది ఎండిపోయేదాకా అట్లాగే కూర్చున్నాడు. ఆమె ఏడుపు సన్నగిల్లడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత ఆమె గోడకు ఆనుకుని, తన ఎదురుగా ఉన్న మనిషిని, పొద్దున బస్సు దిగిన కొత్తవాణ్ణి చూసినట్టు చూడసాగింది. ప్రేమతో చూసిందని నేను చెప్పను. చూసింది, అంతే. ఆర్నెల్లలో అతని ముఖం వైపు ఆమె అంతసేపు చూడటం అదే మొదలనుకుంటాను.

బయట జీపు హారన్ మోగింది. పిల్లకు విసుగొచ్చి నొక్కినట్టుంది. ఆ చప్పుడుకు బాలనర్సు ఉలిక్కిపడి నోటికొచ్చింది తిట్టాడు. అయిలయ్య ఇక ఆగలేక అయ్య ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"అయ్యా, మీరు పెట్టుమంటె పెట్టింది. ఏడ్వుమంటె ఏడ్చింది. గని, మా చెల్లె అడిగినదానికి జవాబు చెప్పకపోతిరి. ఈయన మా బావనేనా, కాదా? దాన్ని జీపెక్కించుకోవాల్నా, వద్దా?"

అయ్య మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు. అండాలు కూడా తల తిప్పి ఆయన నోటి వైపే చూసింది.

"ఎక్కుడు దిగుడు ఆమె ఇష్టం నాయినా. పోయినాయనకు ఇస్తరి పెట్టింది, ఏడ్చింది. ఉన్నాయనను ఏం తింటవని ఇంకా అడగలే."