కరక్కాయ ముక్క

కృష్ణ ఒడ్డున కొండమీది ఆరామంలో నాగబుధుడనే యువభిక్షువు ఉండేవాడు. సముద్రం దాటి వచ్చిన భిక్షువులకు తెలుగు నేర్పే పని గురువు అతనికి అప్పగించాడు. ఊళ్లలోకి వెళ్లి నాలుగు మంచిమాటలు చెప్పాలంటే వాళ్లకు ఇక్కడి భాష రావాలి కదా! నాగబుధుడి ఉచ్చారణ అంటే ఆరామంలో అందరికీ ముచ్చట. అతనికి మరీ ముచ్చట.

ఒకనాడు అతను గురువు ఆనందరక్షితుడి దగ్గరకు వచ్చి దిగులుగా కూలబడ్డాడు.

"ఆచార్యా, ఉత్తియులవారు వెళ్లిపోతానంటున్నారు. రేపు పొద్దున సింహళం ఓడ ఎక్కేస్తారట."

ఉత్తియుడు యాభై దాటిన మనిషి. తన దేశంలో మహాపండితుడు. అక్కడ ఆయన నోరు విప్పితే జనం తోసుకుంటూ వచ్చి వినేవారట. ఇక్కడికి వచ్చాక ఆ నోరు కాస్తా మూతపడింది.

"ఎందుకట?"

"ఈ జన్మకు తనకీ భాష రాదట. తప్పు నాదే ఆచార్యా. నా చదువు చాలలేదు. మంచి బోధకుణ్ణి కావాలంటే ఇంకా ఏ శాస్త్రం చదవాలో చెప్పండి. ఎంత దూరమైనా వెళ్లి చదువుకొస్తాను."

గురువు లేచి భుజం మీద చీవరం సర్దుకున్నాడు. "పద, ఇవాళ్టి పాఠానికి నేనూ వస్తాను."

పాఠం మొదలైంది. ఉత్తియుడు ఒక మాట అన్నాడు. నాగబుధుడు ఆపి సరిచేశాడు. ఇంకో మాట అన్నాడు. "అలా కాదండీ, ఇలా," అని మళ్లీ ఆపాడు. ఎంతో మర్యాదగానే ఆపాడు, ఆ మాటకొస్తే. మూడోసారి ఉత్తియుడు తల వంచుకున్నాడు. ఆయన గతి చూసిన మిగతావాళ్లు తమ వంతు రాకుండా ఉంటే చాలన్నట్టు కూర్చున్నారు.

అప్పుడు గురువు వెళ్లి వాళ్ల మధ్య చతికిలబడ్డాడు. ఎప్పుడో నావికుల దగ్గర విన్న సింహళంలో, తాను కుర్రతనంలో సముద్రం మీద పడ్డ పాట్లు చెప్పసాగాడు. ఆ సింహళం వినాలి! అలలు పడవను మింగబోయాయి అనబోయి, పడవే అలలను మింగేసిందన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. నాగబుధుడికి తల కొట్టేసినంత పనయింది. అంతటి గురువు ఇందరిలో నవ్వులపాలవడమా!

గురువు మాత్రం చెప్పుకుపోతున్నాడు. ఉత్తియుడు ఇక పట్టలేకపోయాడు. "కాదు, కాదు! అల పెద్ద. పడవ చిన్న!" అన్నాడు తెలుగులో.

"అలాగా! మీరు వచ్చినప్పుడూ అలలు అంత పెద్దవేనా?"

"పెద్ద! నేను పడవ ఎక్కాడు. మా అమ్మ ఒడ్డు మీద ఉన్నాయి..."

నాగబుధుడు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో గురువు ఒక కరక్కాయ ముక్క పడేశాడు.

"గొంతు అలిసిపోయి ఉంటుంది నాయనా. బుగ్గన పెట్టుకో. అది నానేదాకా మాట్లాడకు."

వగరుకు నాగబుధుడి నాలుక ముడుచుకుపోయింది. చేసేది లేక విన్నాడు.

ఉత్తియుడు చెబుతూనే ఉన్నాడు. ముసలితల్లి ఏడవలేదట. తడి ఇసుక దాటి మోకాళ్లదాకా నీళ్లలోకి వచ్చి, పడవ అంచు పట్టుకుని నడిచిందట. మాటలు తడబడ్డాయి, తలకిందులయ్యాయి. అయినా ఆ తల్లి అందరి కళ్ల ముందూ నిలబడింది. నాగబుధుడి కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లుగా ఈయనకు పాఠం చెబుతున్నాడు గానీ, ఈయనకు ఒక తల్లి ఉందన్న సంగతే అతనికి తెలియదు.

అంతలో ప్రార్థన గంట మోగింది. కథ సగంలో ఆగింది.

అందరూ వెళ్లాక నాగబుధుడికి మాట పెగిలింది.

"ఆచార్యా, ఆయన మాట్లాడినవన్నీ తప్పులే."

"అవును," అన్నాడు గురువు. "మాట్లాడాడు."

మర్నాడు తెల్లవారగానే ఓడ వెళ్లిపోయిందని కబురొచ్చింది. నాగబుధుడు గబగబా పాఠాల మండపానికి వచ్చాడు. ముందు వరసలో ఉత్తియుడు కూర్చుని ఉన్నాడు.

"నిన్న కథ అయిపోలేదు," అన్నాడాయన. "ఇవాళ నేను చెబుతారు."

తప్పు నాగబుధుడి చెవిన పడింది. అతను ఆయనకు ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"చెప్పండి," అన్నాడు. "అమ్మ పడవ అంచు పట్టుకుంది. తర్వాత ఏమైంది?"