సాయన్న మనుమడి బూట్లు

అంబాదాసు గురువుగారికి ఒక అలవాటు ఉండేది. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. మరుసటి ఆదివారం చెప్పేవారు, లేదా ఏడాది తర్వాత చెప్పేవారు, ఒక్కోసారి అడిగినవాడు పోయాక వాడి కొడుక్కు చెప్పేవారు. శిష్యులు దీన్ని లోతు అనుకునేవారు. ఊళ్లో మిగతావాళ్లు మతిమరుపు అనుకునేవారు. రెండు పక్షాలవాళ్లూ ఆయన కాళ్లకు మొక్కేవారు గనుక పేచీ రాలేదు.

ఆయన పద్మశాలి ఇంట పుట్టినవారు. కాషాయం కట్టలేదు, జడలు పెంచలేదు. మగ్గం ఎప్పుడో అమ్ముడుపోగా, వసారాలో మగ్గం గుంత ఒక్కటీ మిగిలింది. ఆ గుంత అంచున ఒక చెక్కపలక వేసుకుని, నేసే రోజుల్లో లాగే కాళ్లు లోపలికి వేలాడేసి కూర్చుని, ఆదివారం పొద్దున బోధ చేసేవారు. అక్కడ ఒక నియమం ఉండేది. అందరికంటే ఆలస్యంగా వచ్చినవాడు గడప ముందు విడిచిన చెప్పులన్నీ సర్ది, పోయేటప్పుడు కాలు దూర్చుకోవడానికి వీలుగా వీధివైపు తిప్పి పెట్టాలి. ఆలస్యానికి శిక్షగా పుట్టిన నియమమది. మా ఊరి పెద్దమనుషుల చేతిలో పడి అది వినయానికి పతకమైంది. ఊరి పెద్ద జంగయ్య పటేలు హోటలు పందిరి కింద నిలబడేవాడు. పింఛను పుచ్చుకుంటున్న కాంపౌండరు విశ్వనాథం కరెంటు ట్రాన్స్‌ఫార్మరు చాటున నిలబడేవాడు. అవతలివాడు ముందు లోపలికి పోతే తాను ఆఖరివాణ్ని కావచ్చునని ఇద్దరికీ ఆశ. ఒక ఆదివారం ఇద్దరూ ఎంతకీ రాకపోతే గురువుగారు బోధ ముగించి అన్నానికి లేచారు. ఆ తర్వాత కాంపౌండరు మోకాళ్ల నొప్పితో వంగలేకపోయాడు. వినయంలో పటేలుకు పోటీ లేకుండా పోయింది.

అయితే చెప్పుల వరుసలు రెండు ఉండేవి. ఒకటి గడప ముందు. రెండోది గోడ అవతల, బోరింగు పక్కన. రెండోది ఎవరిదని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కింది వాడవాళ్లు తమంతట తాము అక్కడే విడిచేవారు, తమంతట తాము వసారా చివర కూర్చునేవారు. పటేలు చేతులు మొదటి వరుస దగ్గరే ఆగిపోయేవి. గురువుగారు మాత్రం, అన్ని ఘటాల్లో ఉన్నది ఒక్కటే అని చెప్పే చోట, ఆ చివరిదాకా వినపడాలని కాస్త గొంతు పెంచేవారు.

ఒక ఆదివారం పటేలు లేచి చేతులు కట్టుకుని అడిగాడు.

"గురువుగారూ, అహం పోయిందని మనిషికి ఎట్ల తెలుస్తది?"

ఆ మనిషి ఎవరో అందరికీ తెలుసు. గురువుగారికి వయసు మీద పడింది. 'నేను' అన్నది కరిగిపోయినవాడు ఎవడైనా కనిపిస్తే వాడికి ఈ పలక అప్పజెప్పి వెళ్లిపోతానని ఆయన అప్పటికే అని ఉన్నారు. నీది పోయింది పటేలా అని నలుగురి ముందు ఒక్క మాట అంటే చాలు, ఆ చోటు పటేలుది. అతను పలక కొలత ఇచ్చి దర్జీ దగ్గర మెత్త కూడా కుట్టించి పెట్టుకున్నాడు. ఆ దర్జీ నా దగ్గర ఏదీ దాచడు.

గురువుగారు అలవాటు ప్రకారం విని ఊరుకున్నారు.

తర్వాతి ఆదివారం జయపాల్ వచ్చాడు. ఇతను చెప్పులు కుట్టిన సాయన్న మనుమడు. సాయన్న కుట్టిన కిర్రు చెప్పులు తొడుక్కుని పటేలు తండ్రి వీధి మొదట్లో అడుగు పెడితే, వీధి చివర అరుగుల మీద ఉన్నవాళ్లు లేచి నిలబడేవారు. మనిషి కనబడకముందే ఆ చప్పుడు వినపడేది. అదే వీధిలోంచి సాయన్న నడవవలసి వస్తే తన చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడు. ఆ పద్ధతి ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు. మా ఊళ్లో మంచి మార్పులన్నీ వచ్చినట్టే ఈ మార్పూ వచ్చింది, అంటే పాటించేవాళ్లు చచ్చిపోయారు. సాయన్న గురువుగారి శిష్యుడే. వసారా చివర కూర్చుని తత్వాలు పాడేవాడు. వాటిలో తాత బాగా ఇష్టపడిన తత్వం ఒకసారి గురువుగారి నోట వినాలని మనుమడు వచ్చాడు. జిల్లాకేంద్రంలో కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. ఊరు విడిచి చాలా కాలమైంది, పెద్దవాళ్లు ఆనవాలు పట్టలేరు.

అతని కాళ్లకు బెల్లం రంగు బూట్లు ఉన్నాయి. చీలమండ దాకా వచ్చి, ముందు తాళ్లతో బిగించేవి. తోలు నున్నగా మెరవదు. నూగు తేలి మెత్తగా, వేలితో ఒక దిక్కు రాస్తే ఒక రంగు, ఇంకో దిక్కు రాస్తే ఇంకో రంగు కనిపిస్తుంది. స్వేడ్ అంటారట. వాటిని కొన్న కథ అతని తల్లి నాకు చెప్పింది. పట్నంలో షాపువాడు కాలు దూరిస్తే దూరేవి, జాడిస్తే ఊడేవి వరుసగా తీసి చూపించాడట. ఇతను అన్నీ పక్కన పెట్టి, "తొందరగా ఊడనివి ఉన్నాయా?" అని అడిగాడట. షాపువాడు విచిత్రంగా చూసి, "అందరూ తొందరగా ఊడేవే అడుగుతారు సార్" అన్నాడట. చివరికి ఇవి తీసి, దులుపుకోవడానికి చిన్న బ్రష్షు ఇచ్చి, నీళ్లు మాత్రం తగలనివ్వొద్దని చెప్పాడట. "వాన పడితే అవి ఇప్పి సంకల పెట్టుకొని ఉరుకుతవా బిడ్డా" అని తల్లి అడిగింది. "సంకల పెట్టుకొనేటందుకు కొనలేదమ్మా" అన్నాడు కొడుకు. అవి తొడుక్కుని ఆ పొద్దున అతను పటేలు వీధిలోంచి, నడి మధ్య నుంచి, మెల్లగా నడిచి వచ్చాడు.

గడప మెట్టు మీద కూర్చుని తాళ్లు విప్పడానికి అతనికి చాలా సేపు పట్టింది. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతున్న కాంపౌండరు ఆగి చూశాడు.

"ఏం సారూ, కాళ్లకు కుట్లు ఇప్పుతున్నరా?"

"ఐపోయింది. మీరు నడువున్రి," అని జయపాల్ నవ్వాడు. బూట్లను గడప ముందు, మొదటి వరుసలో పెట్టాడు. లోపలికి వెళ్లి, తాత కూర్చునే చోటే, వసారా చివర కూర్చున్నాడు. గురువుగారు గడపకు ఎదురుగానే ఉన్నారు. ఎవరు ఏది విప్పి ఎక్కడ పెట్టారో, పోయి ఎక్కడ కూర్చున్నారో ఆయన చూశారు. తర్వాత కొందరు, ఆయన చూపు ఆనదు, చూసి ఉండరు అన్నారు. గడపలోకి పిల్లి వస్తే చూసి అదిలించే మనిషిని గురించి ఆ మాట అన్నారు.

పటేలు యథాప్రకారం ఆఖరున వచ్చాడు. చెప్పులు సర్దుతూ ఆ బూట్ల దగ్గర ఎక్కువసేపు ఆగాడు. లోపలికి వచ్చి కాంపౌండరు చెవిలో, "ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చినట్టున్నడు, ఏడి?" అన్నాడు. కాంపౌండరు తెలిసినవాడిలా తల ఊపాడు. తెలియనప్పుడు అతను ఎప్పుడూ అలాగే ఊపుతాడు.

బోధ మొదలుకాక ముందే గురువుగారు పటేలు వైపు చూశారు.

"ఏదో అడిగినవు గద పటేలా. బయటికి పో. ఆ చెప్పులల్ల నీ మనసుకు నచ్చిన జోడు ఒకటి తీసుకరా."

"చెప్పులా? లోపలికా?"

"లోపలికే."

పటేలు వెతకలేదు. వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగి వచ్చాడు. రెండు బూట్లనూ ఇస్త్రీ చొక్కాకు ఆనించి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. దారిలో కండువా కొసతో దుమ్ము కూడా తుడిచాడు.

"దూడ చెవి లెక్క ఉన్నయ్ గురువుగారూ, పట్టి చూడున్రి," అంటూ పలక మీద ఆయన పక్కన దించాడు.

"ఎవరియి?" అన్నారు గురువుగారు, అందరినీ ఉద్దేశించి.

చివర్న జయపాల్ లేచి నిలబడ్డాడు. "నాయి అయ్యా."

పటేలు మొహం విప్పారింది. "ఏ డిపార్ట్‌మెంటు సారూ? ఇట్ల ముందుకొచ్చి కూసోరాదున్రి."

"కాలేజీల చెప్త పటేలా. మన ఊరే. సాయన్న మనుమన్ని."

పటేలు నవ్వు మొహం మీదే ఉండిపోయింది. తీయడం మరిచిపోయాడు. కాసేపటికి, "అరె, మనోడే! మంచిగ పైకొచ్చినవ్. అంత ఒక్కటే గద మనం," అన్నాడు. అంటూనే వసారా పక్కన ఉన్న నీళ్ల గోలెం దగ్గరికి నడిచి, మోచేతుల దాకా కడుక్కున్నాడు. తడి చేత్తో చొక్కా మీద బూట్లు ఆనిన చోట కూడా తుడుచుకున్నాడు. తొందరేమీ లేదు. రోజూ అన్నానికి ముందు కడుక్కునేవాడిలా కడుక్కున్నాడు. కాంపౌండరు పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. అక్కడ అంత చూడదగ్గది ఏముందో తర్వాత నేను వెతికాను, కనబడలేదు.

గురువుగారు నోరు తెరవబోయారు. ఆయన అనుకున్న పాఠం అక్కడికి పూర్తయిందని నా ఊహ. కానీ పటేలుది ఇంకా పూర్తి కాలేదు. అతను చెంబు నిండా నీళ్లు ముంచుకుని వచ్చాడు.

"గురువు కూసునే పలక. శుద్ధి చెయ్యాలె గద," అన్నాడు.

శుద్ధికి వేళ్లతో నాలుగు చుక్కలు చిలకరిస్తే సరిపోతుంది. పటేలుకు భక్తి ఎక్కువ. చెంబుతో పోశాడు.

మామూలు తోలైతే నీళ్లు జారిపోయేవి. ఇది తాగింది. బెల్లం రంగు మేం చూస్తుండగానే నల్లబడి, మడ్డిలా అయింది. మడమ దగ్గర నీళ్లు లోపలికి దిగి నిలిచాయి. గురువుగారు గబుక్కున రెండింటినీ ఒళ్లోకి తీసుకుని, నీళ్లు వంపి, భుజం మీది తువ్వాలుతో రుద్దసాగారు. రుద్దినకొద్దీ మరక పెద్దదైంది, నూగు ముద్ద కట్టింది. నూలు ఎరిగిన చేతులవి, ఆ తోలు సంగతి వాటికి తెలియదు.

జయపాల్ జనం మధ్యలోంచి ముందుకు వచ్చాడు. దారి ఇవ్వడానికి అందరూ కావలసినదానికంటే ఎక్కువే జరిగారు.

"రుద్దకున్రి అయ్యా. ఇంకింత పాడైతయ్."

"ఆరితే మంచిగైతయా నాయనా?"

"ఆరుతయ్. మరక పోదు."

గురువుగారు తల ఎత్తలేదు. "ఆయనకు ఒకటి చూపిద్దామనుకున్న, బిడ్డా."

"తెలుసయ్యా," అన్నాడు జయపాల్. "పాఠం పటేలుది. బూట్లు నాయి."

ఆ మాట గట్టిగా అనలేదు. కాలేజీలో పిల్లలకు తప్పు దిద్ది చెప్పేవాడిలా అన్నాడు. తత్వం సంగతి అతనూ ఎత్తలేదు, గురువుగారూ ఎత్తలేదు. బూట్లు తీసుకుని, ఒక్కసారి వంగి దండం పెట్టి, గడప దాటాడు. మెట్టు మీద కూర్చుని తొడగబోయాడు. కాలు లోపలికి పెట్టగానే నీళ్లు పైకి వచ్చాయి. తీసేశాడు.

బస్సు ఎక్కాలంటే పటేలు వీధి తప్ప వేరే దారి లేదు. ఏం జరుగుతుందో ఎవరో ఒకరు చూడాలి కదా అని నేను వెనకే వెళ్లాను. ఉత్త కాళ్లతో, రెండు బూట్లూ చేతిలో పట్టుకుని, అతను ఆ వీధిలో నడిచాడు. పొద్దున నడి మధ్యన నడిచినవాడు ఇప్పుడు, కాళ్లకు కంకర గుచ్చుకుంటుందో ఏమో, ఓరగా నడిచాడు. అరుగు మీద కూర్చుని ఉన్న పటేలు మేనత్త చంద్రవ్వ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఆమెకు మనుషులు ఆనరు, నడకలు ఆనుతాయి.

"ఎవరు, సాయన్న ఇంటి పిల్లగాడా?" అంది. "మంచిది కొడుకా. గింత సదువుకున్నా మర్యాద మరువలే నువ్వు."

అతను ఆగలేదు, తిరిగి చూడలేదు. చేతిలోని బూట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. చంద్రవ్వ సంతోషంగా మళ్లీ గోడకు ఆనుకుంది. చాలా కాలానికి ఆమెకు వీధి వీధిలా కనిపించి ఉంటుంది.

నేను తిరిగి వచ్చి, విన్నది విన్నట్టు అందరి ముందు చెప్పాను. వసారా చివర కూర్చున్నవాళ్లలో ఒక ముసలాయన లేచి, బోరింగు పక్కన తన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. తక్కినవాళ్లు కూర్చునే ఉన్నారు. కూర్చోవడం వాళ్లకు అలవాటు.

పటేలు కండువాతో చేతులు శుభ్రంగా తుడుచుకుని, పలక ముందు వచ్చి నిలబడ్డాడు. ఏ పొరపాటూ జరిగినట్టు అతని మొహంలో లేదు. చెప్పిన పని చేశాడు, నచ్చిన జోడు తెచ్చాడు, పలక శుద్ధి చేశాడు.

"గురువుగారూ," అన్నాడు, "నా ప్రశ్న అట్లనే ఉండె."

గురువుగారు ఒళ్లో ఉన్న తువ్వాలును చూశారు. బెల్లం రంగు దిగి అది గోధుమరంగు చారలు కట్టింది. ఆయన అరచేతులు కూడా అదే రంగులో ఉన్నాయి. వాటిని పైకి తిప్పి, చాలా సేపు చూశారు.

"నీ చేతులు ఆరినట్టున్నయ్ పటేలా," అన్నారు. "నాయి ఇంకా తడిగనే ఉన్నయ్."