దొర పట్టుకున్న కర్ర

రైళ్లు బొగ్గు తిని బతికే రోజుల్లో ఒక ఊరుండేది. ఊరి పక్కన బొగ్గుబాయి, బాయి మూతి దగ్గర ఒక దొర, దొర చేతిలో ఒక కర్ర.

రోజూ పొద్దున్నే దొర ఆ కర్రను తన రొమ్ము ఎత్తున బాయి మూతికి అడ్డంగా పట్టుకునేవాడు. తల వంచకుండా దాని కింద నుంచి నడిచిపోగలిగిన పిల్లలకు బొగ్గుబండ్లు లాగే పని. సొరంగం ఎత్తు కూడా అంతే మరి. పెద్దవాళ్లు నడుం వంచి అదే కర్ర కింద దూరి, ఇంకా లోతుకు పోయి బొగ్గు కొట్టేవారు. ఏళ్ల తరబడి వంగీ వంగీ వాళ్ల నడుములు ఇంటికొచ్చినా వంగే ఉండేవి. అందుకని ఆ ఊళ్లో ద్వారబంధాలన్నీ పొట్టివే. అది ఎవరికీ వింతగా తోచలేదు.

ఆ ఊరివాళ్లు పౌరుషం గలవాళ్లు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. దొర ముందు తల ఎత్తుకుని నడిచేది పిల్లలొక్కరే కాబట్టి, కర్ర కింద వంగకుండా పోవడమే ఇంటికి ఇజ్జత్ అనుకున్నారు. బిడ్డ మొదటిసారి అట్లా పోయిన రోజున తల్లి వాడంతా బెల్లం పంచేది. అది చూసి దొర మీసాల చాటున నవ్వుకునేవాడు. వంగని పిల్లలు బండిని వేగంగా లాగుతారని ఆయనకు తెలుసు.

ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఎప్పటినుంచో బండి లాగుతోంది. ఒకనాడు దాని నెత్తి కర్రకు టక్కున తగిలింది.

"పెరిగినవ్," అన్నాడు దొర. "రేపటి నుంచి నువ్వు వంగేటోళ్లల్ల చేరు. నీ బండికి నీ చెల్లెను తోలుకరా."

ఆ మాట ఇల్లు చేరేసరికి తల్లి బెల్లం ముద్ద తెచ్చి ఉట్టిలో పెట్టింది. చిన్నది సంబరంగా బట్టల దండెం కింద అటూ ఇటూ నడుస్తూ, వంగకుండా పోవడం నేర్చుకుంటోంది. పెద్దది వచ్చి తల్లి కొంగు పట్టుకుంది.

"అవ్వా, చెల్లెను తోలకు."

"ఏందే గా మాట! నువ్వు పోయిన్నాడు నేను ఎంత మురిసిన్నో. దీనికి ఇజ్జత్ వద్దా?"

"నేను గూడ మురిసిన. లోపలికి పోయినంక తెలిసింది. కర్ర ఒక్కతాన ఉండదవ్వా, లోపలంత గదే ఎత్తు. ఎగిరి దునికే జాగ లేదు."

తండ్రి గోడకు ఆనుకుని కూర్చుని కూతుళ్లిద్దరినీ చూస్తూ ఉండిపోయాడు. వంగిన నడుం వల్ల ఆయన ఎప్పుడూ నేలకేసే చూస్తున్నట్టుండేవాడు. ఆ పూట కష్టపడి తల ఎత్తాడు.

తెల్లారి బాయి మూతి దగ్గర ఊరంతా నిలబడింది. దొర కర్ర పట్టాడు. "రానీ," అన్నాడు.

పెద్దది చెల్లెలి చెయ్యి పట్టుకుని కర్ర దాకా వెళ్లింది. అక్కడ ఆగి, చెల్లెలిని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుంది. కర్ర వచ్చి చిన్నదాని నడుముకు తగిలింది.

"దించు దాన్ని."

"దించ. మేమిద్దరం ఒక్కటే. గిట్లనే కర్ర పెట్టి కొలువు దొరా."

దొరకు ఒళ్లు మండింది. కానీ ఊరంతా చూస్తోంది. "అయితే వంగమను!" అన్నాడు పైకి చూసి.

చిన్నదానికి ఇంట్లో నేర్పింది ఒక్కటే. అది నిటారుగా కూర్చుని గట్టిగా చెప్పింది. "నేను వంగ. వంగితే ఇజ్జత్ పోతదని మా అవ్వ చెప్పింది."

ఎట్లాగైనా పిల్లను లోపలికి పంపాలని దొర కర్రను పైకి జరిపాడు. చాలలేదు. చేతులు నెత్తి దాకా ఎత్తాడు. అప్పుడు గుంపులోంచి తండ్రి వచ్చి, పెద్దదాని ముందు కూర్చున్నాడు. "ఇటియ్యి బిడ్డా," అని చిన్నదాన్ని తన మెడ మీదికి తీసుకున్నాడు. భుజాన పిల్ల పడకుండా లేవాలంటే నడుం నిలవక తప్పదు. ఆయన ఎముకలు కటకటలాడాయి. పళ్లు బిగించి లేచాడు. పూర్తిగా లేచాడు. ఆయన అంత పొడగరి అని కట్టుకున్న భార్యకే తెలియదు.

వెనక ఇంకో తండ్రి తన పిల్లను ఎత్తుకున్నాడు. ఆ వెనక ఇంకొకడు. బాయి మూతి దగ్గర కటకటమని ఒకటే చప్పుడు. దొర మునివేళ్ల మీద నిలబడి కర్ర ఎత్తాడు. చిన్నది దానివైపు కిందికి చూసింది.

"నాయినా, గీ కర్ర గింతేనా?"

తల్లికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఉట్టిలోంచి కొంగున కట్టుకొచ్చిన బెల్లం తీసి అక్కడే పంచింది. ఆ వాడలో బాయికి పోని పిల్లల పేరు మీద పంచిన మొదటి బెల్లం అదే.

పిల్లల్ని మోసుకుంటూ అందరూ ఇళ్లకు తిరిగారు. పిల్లల్ని వాకిట్లో దించి లోపలికి అడుగు పెట్టారు. ఒక్కో ఇంటి ముందూ ఒక్కో నెత్తి ద్వారబంధానికి ఠంగున కొట్టుకుంది. బొప్పి కట్టిన నెత్తులు తడుముకుని, ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు.

మర్నాడు దొర, ఇంకా పొడుగు కర్ర కావాలని వడ్రంగికి కబురు పంపాడు. వెళ్లినవాడు ఉత్త చేతులతో వచ్చాడు.

"వడ్రంగికి తీరిక లేదంట దొరా. ఊరంత ద్వారబంధాలు ఎత్తుగ పెట్టుకుంటున్నరు."