నూరు దెబ్బల కడవ

నమ్మనివాళ్లుంటే ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తరు. ఈ కథను కాదన్న మగాడు చుట్టుపక్కల మూడు మండలాల్లో ఇంతవరకు పుట్టలేదు.

గోగులవాగు ఒడ్డున ఒక కుమ్మరి పాక ఉండేది. కుమ్మరి పోయి పదేళ్లయింది. ఆయన తిప్పిన సారె మిగిలింది, ఆయనకు మట్టి మోసిన గాడిద మిగిలింది. అడవిలో అందరికీ అది గాడిదవ్వ. అవ్వ వెనక్కాలితో ఒక్క తోపు తోసిందంటే సారె పొద్దు వాలేదాకా ఆగేది కాదు. ఆ గాలికి వాగవతల రేగుచెట్లు కాయలు రాల్చేవి! మట్టిని గట్టిపరిచే చెక్కను పళ్ల మధ్య పట్టుకుని ప్రతి కడవ అడుగునా సరిగ్గా నూరు దెబ్బలు కొట్టేది. ఒకసారి ఏనుగు చూసుకోకుండా అవ్వ కడవ మీద కూర్చుని, నడుం రుద్దుకుంటూ లేచింది. కడవకు గీత కూడా పడలేదు.

అవ్వకు వచ్చిన కష్టమే అది. పగలని కడవ కోసం రెండోసారి ఎవరొస్తారు? ఒక్కసారి వచ్చి పట్టుకుపోయేవారు, అంతే. అవ్వ రోజూ సాయంత్రం రెండు ముంతల్లో గంజి పోసేది. ఒకటి తాగి, వాకిలి వైపు కాసేపు చూసి, రెండోదీ తానే తాగేది.

ఒక సాయంత్రం నక్క పిలవకుండానే గడప దాటింది.

"ఏం అవ్వా, ఎవరో వస్తున్నట్టు రెండు ముంతలు పెట్టావు?"

"వస్తే తాగుతారని."

"ఎవరూ రారు. నిన్ను ఒంటరిదాన్ని చేసింది నీ పనితనమే. నూరు దెబ్బలెందుకు చెప్పు? ముప్పై కొట్టు చాలు. అడుగున చెమ్మ కారుతుంది. మళ్లీ వస్తారు, కూర్చుంటారు, నాలుగు మాటలు చెబుతారు. కుందేలమ్మ పిల్లల్ని కని కొత్త కడవ చెప్పిందటగా? దాంతోనే మొదలెట్టు."

"ఇందులో నీకేంటిరా లాభం?"

"నాదీ మనసే కదవ్వా! నిన్నిలా చూడలేకపోతున్నాను."

మర్నాడు కుందేలమ్మ కడవను అవ్వ ముప్పై దెబ్బలకే ఆపేసింది. కాల్చి బయటికి తీసి గిట్టతో తడితే ఖంగుమనాల్సింది, మొద్దుగా మోగింది. విననట్టు ఊరుకుంది.

మూడోనాటికే కుందేలమ్మ వచ్చింది. "అవ్వా, కడవ కారుతోందే!"

"కొత్తది కదా పిల్లా, నానితే సర్దుకుంటుంది. కూర్చో, గంజి తాగు."

ఆరోజు రెండో ముంత మరొకరు తాగారు. మధ్యాహ్నం దాకా పిల్లల కబుర్లే. వెళుతూ కుందేలమ్మ గొంతు తగ్గించింది.

"నిన్నట్నుంచి మా బొరియ దగ్గర నక్క వాసన వస్తోందవ్వా. ముళ్లపొదలో ఉంటున్నామని పిట్టక్కూడా చెప్పలేదు. ఎలా తెలిసిందో!"

అవ్వ లేచి బయటికొచ్చి దారి చూసింది. వాగు నుంచి ముళ్లపొద వైపు చుక్క చుక్కగా తడి. పక్కనే నక్క అడుగులు. పొదకు పది బారల దూరంలో, ఎండకు చుక్కలు ఆరిపోయిన చోట ఆగిపోయాయి.

"ఆ కడవ ఇటు తీసుకురా. ఈ రాత్రికి పిల్లలతో నా పాకలో పడుకో," అంది.

పొద్దు వాలుతుండగా అవ్వ ఆ దారంతా తోకతో ఊడ్చింది. తర్వాత కారే కడవను వాగులో ముంచి, వీపున పెట్టుకుని ఎర్రగుట్ట ఎక్కింది. ఎక్కడమా అది! నిటారు గుట్ట, వీపున నిండు కడవ, అడుగడుక్కీ సరిగ్గా ఒక్కో చుక్క. గుట్ట మీది గుహ ముందు చివరి చుక్క పడగానే వెనక్కి తిరిగింది.

కాసేపటికి నక్క ముక్కు నేలకానించి చుక్కల వెంటే వచ్చింది. చీకటి గుహలోకి తల దూర్చి తియ్యగా పలికింది.

"కుందేలమ్మా, అవ్వ పంపింది. కడవ బాగుచేస్తాను."

"రా, బాగుచెయ్యి," అన్నాడు లోపల్నుంచి ఎలుగుబంటి.

అప్పుడు నక్క పెట్టిన కేక ఏడు కొండలవతల వినబడింది. నక్క బయటపడింది గానీ తోక లోపలే ఉండిపోయింది.

తర్వాత అవ్వ మరో కడవ చేసింది. ఈసారి నూటొక్క దెబ్బలు.

"ఇదెన్నాళ్లు ఆగుతుందవ్వా?" అంది కుందేలమ్మ.

"నీ మనవరాళ్ల దాకా," అంది అవ్వ. వాకిట్లో నిలబడి, కుందేలమ్మ పొద మలుపు దాటేదాకా చూసింది.

కుందేలమ్మ మళ్లీ రాలేదు. రావాల్సిన అవసరమేముంది? ఆ సాయంత్రం అవ్వ రెండు ముంతలు పోసింది. ఒకటి తాగింది. వాగు వైపు కడవ బండకు తగిలి ఖంగుమంది. అవ్వ చెవులు నిక్కాయి.

"నాదే," అనుకుని, రెండో ముంత అందుకుంది.

చేసినవాళ్లను వాడేవాళ్లు మరిచిపోయేంత గట్టిగా చేసిందే మంచి కడవ.

ఇంకా అనుమానముంటే ఎర్రగుట్ట ఎక్కండి. గుహ గుమ్మానికి నక్క తోక వేలాడుతుంటుంది. అది ఎవరిదో, ఎలా వచ్చిందో లోపలున్నాయన చెబుతాడు. పేరు ఎలుగుబంటి బొంతయ్య.