కొంరవ్వ పొలిమేర

అనగా అనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, ఇప్పలపల్లె అనే ఊరుండేది. ఆ ఊళ్లో ఒక వింత కట్టుబాటు. బయటినుంచి వచ్చినవాళ్లు ఎన్నేళ్లున్నా పరాయివాళ్లే. ఊళ్లో మూడిళ్లవాళ్లు వచ్చి ఆ పరాయివాళ్ల పొయ్యిలోంచి నిప్పు తీసుకుపోతేనే ఊరివాళ్లయినట్టు. అప్పుడే గుడిసెకు జాగా, చస్తే బొందకు జాగా. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నన్నడక్కండి, నాకూ తెలీదు.

కరువుకు తాళలేక వాగు దాటి వచ్చింది కొంరవ్వ. ఊరి చివర చెట్టు కింద పొయ్యి పెట్టుకుని ఈతాకు చాపలు అల్లేది. ఊరు ఊరంతా ఆమె చాపల మీదే పడుకునేది. నిప్పుకు మాత్రం ఎవరూ రాలేదు. చెడ్డవాళ్లేం కాదు, రేపు పోదాంలే అనుకునేవాళ్లు.

ఇంతలో గత్తర, అదే కలరా, వచ్చిపడింది. పొద్దున వాంతులు, సాయంత్రానికి పాడె. పెద్దపటేలు దండోరా వేయించాడు: "ఒకలింటికి ఒకలు పోవద్దు! పరాయోళ్లు పొద్దుగూకకముందే పొలిమేర దాటాలె!"

కొంరవ్వ వాగు దాకా పోయింది. అవతలి ఒడ్డున ఆమె పుట్టిన ఊరివాళ్లే కర్రలు పట్టుకుని నిలబడ్డారు. "పోయినదానివి పోయినట్టే. మళ్లిపో" అన్నారు.

మళ్లీ వచ్చి పటేలు గుమ్మం ముందు నిలబడింది.

"పటేలా, నా పొయ్యిల నిప్పు తీస్కపోరాదుండ్రి? నేను ఊరిదాన్నయిత."

"గత్తర పోయినంక తీస్కపోతం."

"అందాంక నేనేడుండాలె?"

"పొలిమేర అవతల."

"అవతలుంటే నా పొయ్యి ఊళ్లె ఉండదు గద?"

పటేలు గడ్డం గోక్కున్నాడు. తలుపేసుకున్నాడు.

సాలె సాంబడి ఇంటికి పోయింది. "పిల్లలున్నోణ్ని, అక్కా" అన్నాడతను లోపలినుంచే. ముసలి ఈదమ్మ ఇంటికి పోయింది. ఈదమ్మ నిప్పుకని పెంకు పట్టుకుని గడప దాటింది కూడా. కొడుకు రెక్క పట్టి లోపలికి లాగేశాడు.

ఇంకేం చేస్తుంది? పొలిమేర రాయికి అవతల, జానెడు దూరంలో మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించింది.

గత్తర తగిలినవాళ్లను కూడా ఊరివాళ్లు అక్కడే దించి పోసాగారు. ముందు పటేలు బిడ్డ వచ్చింది. తర్వాత సాంబడు. ఆ తర్వాత ఈదమ్మ. కొంరవ్వకు కోపం రాలేదా అంటే, వచ్చింది. బాగా వచ్చింది. పటేలు బిడ్డను చూసి మొహం తిప్పుకుంది.

"అవ్వా, దూప. నీళ్లు" అంది ఆ పిల్ల.

కోపం ఎటుపోయిందో ఏమో! నీళ్లు మరగబెట్టింది. ఉప్పేసి గంజి కాచింది. తాగించింది, కడిగింది, మళ్లీ తాగించింది. ముగ్గురూ గట్టెక్కారు. లేచి కూర్చుని, ఆమె పొయ్యిలోంచి నిప్పు తీసుకుని అక్కడే ఎవరి పొయ్యి వాళ్లు రాజేసుకున్నారు. కొంరవ్వ అది చూసి, "మూడిండ్లాయె!" అని చిన్నపిల్లలా నవ్వింది.

ఆ మర్నాడే ఆమెకు గత్తర తగిలింది. ముగ్గురూ పటేలు దగ్గరికి పరుగెత్తారు. "నిప్పు తీస్కున్నం. ఆమె మన ఊరిది. లోపటికి తెస్తం" అన్నారు.

"పొలిమేర అవతలి నిప్పు చెల్లదు" అన్నాడు పటేలు.

వాళ్లు తిరిగి వచ్చేసరికి కొంరవ్వలో ప్రాణం లేదు. పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది.

"పరాయిదానికి ఊళ్లె బొంద లేదు" అన్నాడు వెనకే వచ్చిన పటేలు. ఈసారి గొంతు పెద్దగా లేవలేదు. ఈదమ్మ గడ్డపార తెప్పించి పొలిమేర రాయి మొదట్లో తవ్వడం మొదలుపెట్టింది. సాంబడు భుజం ఆనించాడు. పటేలు బిడ్డ కూడా ఆనించింది.

"ఏం జేస్తుండ్రే?"

"రాయి జరుపుతున్నం, నాయినా."

పటేలు చివరికి తలపాగా తీసి నడుముకు చుట్టుకుని తనూ ఒక చెయ్యి వేశాడు. రాయిని ఆమె పొయ్యి దాటించి పాతారు. కొంరవ్వను ఊళ్లోనే పూడ్చారు.

ఇప్పటికీ తొలకరి పడగానే ఇప్పలపల్లెవాళ్లు పొలిమేర రాయిని జానెడు అవతలికి జరుపుతారు. పక్క ఊరివాళ్లు కొట్లాటకు రారా అంటే, వస్తారు. కల్లు తాగి పోతారు. రాయి జరిపాక అందరూ అటువైపు తిరిగి, "ఇంకెవలన్న ఉన్నరా?" అని గొంతెత్తి పిలుస్తారు. కాసేపు చెవులొగ్గి వింటారు. ఆ తర్వాతే ఇళ్లకు పోతారు.